ఫోన్లో మొగుణ్ణి, గుమ్మంలో పరాయివాణ్ణి

నవ్వేదుంటే ముందే నవ్వేయండి. మధ్యలో మాత్రం నవ్వొద్దు.

అవును, శామీర్‌పేట చెరువులో నేను పట్టిన చేప తల గట్టు మీదుంటే, తోక మేడ్చల్ బస్టాండులో కొట్టుకుందని చెప్పినవాణ్ణి నేనే. ఆ చేపను మీరే ఉంచుకోండి. ఇది మాత్రం నా పెళ్ళాం మీద ఒట్టేసి చెబుతున్నాను. ఎవరి మీద ఒట్టేస్తున్నానో ఆమే నన్ను నమ్మలేదు... అదే ఇక్కడి సంగతి.

నా పెళ్ళాం సుగుణ బండి మీద నుంచి పడింది కదా, దేవరయాంజాల్ మలుపు దగ్గర. తలకు దెబ్బ. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. పక్కింటావిడను పేరు పెట్టి పలకరించింది. తన తమ్ముడు మల్లేశ్‌ను పట్టుకుని ఏడ్చింది. నన్ను చూసి మాత్రం కొంగు సర్దుకుని, తలుపు సగం మూసి నిలబడింది.

"మా ఆయన లేడు. మల్ల రాండ్రి."

నేను నవ్వాను. ఇన్నేళ్ళకు నాకే ఎదురు జోకు వేసిందనుకున్నాను.

జోకు కాదు.

"ముఖం పోల్చుకోవడం ఒక పని. 'వీడు నావాడు' అని లోపల అనిపించడం ఇంకో పని," అన్నాడు డాక్టరు. "మెదడులో ఆ రెండిటికీ దారులు వేరు. ఆమెకు మీ ముఖం తెలుస్తోంది, నావాడన్న భావం రావడం లేదు. అందుకే అచ్చం మొగుడిలా ఉన్న ఇంకెవరో అనుకుంటోంది. పోట్లాడకండి."

"ఎప్పుడు తగ్గుతుంది సార్?"

"చెప్పలేం."

చెప్పలేమట! నేను టెంటు హౌసు నడిపేవాణ్ణి. వాన వస్తుందో రాదో చెప్పకపోతే పెళ్ళివాళ్ళు నా కాలరు పట్టుకుంటారు. డాక్టరు మాత్రం చెప్పలేం అని లేచి వెళ్ళిపోవచ్చు.

అసలు మండే సంగతి ఇంకొకటుంది. ఫోన్లో నేను నేనే! షాపు నుంచి ఫోన్ చేస్తే, "తిన్నవా అయ్యా? జల్దీ రా, ఎవడో దినాం మనింటికొస్తుండు" అనేది. జల్దీగా వెళ్తే గడియ వేసి ఉండేది. మల్లేశ్ పక్కనుండి "బావనే అక్కా, రానియ్యి" అంటేనే నాకు నా ఇంట్లో అన్నం.

ఒక రాత్రి మల్లేశ్ లేడు. పనుందని కీసర వెళ్ళాడు. వెళ్ళేముందు నన్ను లోపల కూర్చోబెట్టి వెళ్ళాడు, అదొక్కటే మేలు. కరెంటు పోలేదు. వాన లేదు. కుక్కలు కూడా అరవలేదు. ట్యూబులైటు జుయ్యిమంటోంది... దూరంగా రింగు రోడ్డు మీద లారీలు. ఆమె ఒళ్ళో చపాతీ కర్ర పెట్టుకుని నా వైపే చూస్తోంది.

"నిన్ను ఎవరు పంపిండ్రు?"

"ఎవరు పంపుడేందే! నేనే. మీ ఆయనను."

"గట్లయితే చెప్పు. మా పెళ్ళినాడు ఏమయింది?"

నా పెళ్ళి కథ మీకందరికీ తెలుసు. బరాత్‌లో గుర్రం బెదిరి నన్ను మచ్చ బొల్లారం దాకా ఎత్తుకుపోవడం, అక్కడ మిలిటరీవాళ్ళు సెల్యూట్ కొట్టడం. ఊరంతా తెలిసిన కథ రుజువెలా అవుతుంది? అందుకే, జీవితంలో మొదటిసారి, ఉన్నదున్నట్టు చెప్పాను.

"గుర్రం లేదు, ఏం లేదు. నాకు జ్వరం. ఆటోల వచ్చిన. తాళి కట్టేటప్పుడు చేతులు వణికితే, ఎవరికీ కనబడకుంట నువ్వే చెయ్యి ఎనుకకు వెట్టి మూడో ముడి పట్టుకున్నవు."

ఆ మాట మా ఇద్దరికే తెలుసు. ఆమె కళ్ళు ఒక్క క్షణం మెత్తబడ్డాయి. నమ్మిందనుకున్నాను. అప్పుడు... నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది.

"మా ఆయన అయితే గుర్రం కథ చెప్తుండె. గింత నిజం ఆయన నోట్లకెళ్ళి ఎన్నడు రాలే. నువ్వు ఆయన కాదు. పో."

చూశారా! ఇన్నేళ్ళు అబద్ధాలు మానవయ్యా అని నా ప్రాణం తీసింది. మానిన మొదటి రోజే మొగుడి ఉద్యోగం ఊడింది!

కర్ర ఎత్తింది. నేను లేచి బయటికి వచ్చేశాను. వెనకే గడియ పడింది. గేటు దగ్గర నిలబడి, కోపంగా ఆమెకు ఫోన్ చేశాను. కనీసం అక్కడైనా నేను నేనే కదా.

ఇంట్లో మోగుతోంది... నా చెవిలోనూ మోగుతోంది...

"ఏడున్నవయ్యా?" ఏడుపు గొంతు. "ఎవడో అచ్చం నీ లెక్కనే ఉన్నడు. ఇంట్ల కూసున్నడు."

"పోయిండు గదనే! ఇప్పుడే బయటికి పోయిండు."

ట్యూబులైటు జుయ్యిమనడం ఫోన్లో వినిపిస్తోంది.

"ఏడ వోయిండు?... గీడనే ఉన్నడు."

కిటికీలోంచి చూశాను. తెర సగం తీసి ఉంది. సుగుణ కనిపిస్తోంది. చెవి దగ్గర ఫోన్. ఆమె చూస్తున్న వైపు నాకు గోడ అడ్డం. ఆ వైపే చూస్తోంది... తల ఊపుతోంది... ఎవరో ఏదో చెబుతుంటే ఊపినట్టు. ఫోన్ మెల్లగా ఒళ్ళోకి దించింది.

నా చెవిలో ఒక గొంతు. మగగొంతు. మాటలు తెలియడం లేదు, ఆ సాగదీత మాత్రం తెలుస్తోంది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది... ఎక్కడ ఎత్తాలో అక్కడ ఎత్తుతోంది... నేను మాట్లాడే తీరు అది. నేను నోరు మూసుకుని నిలబడి ఉన్నాను!

అప్పుడు సుగుణ నవ్వింది. దెబ్బ తగిలిన నాటి నుంచి నేను వినని నవ్వు.

కదలాలనుకున్నాను. కాళ్ళు ఉన్నాయి, నేల ఉంది, కదపాల్సినవాడే ఎటో పోయాడు. పక్కనున్న బండి అద్దంలో ఒక ముఖం. నాదేనని తెలుసు. తెలుసంతే... నాదని అనిపించలేదు. సుగుణకు రోజూ ఇలాగే ఉంటుందా అనిపించింది.

ఎలాగో పరిగెత్తి తలుపు బాదాను. "మల్ల వచ్చినవా? పో!" అని లోపలి నుంచి కేక. వెనక తలుపూ అంతే. తెల్లవారేదాకా నా ఇంటి మెట్ల మీద నేనే కూర్చున్నాను. లోపల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. సన్నగా. తర్వాత ఎప్పుడో ఆగిపోయాయి.

పాలబండి వచ్చే వేళకు గడియ తీసిన చప్పుడు. ఇంకెవరూ బయటికి రాలేదు. సుగుణ ఒక్కతే, చేతిలో చాయ్ గ్లాసు.

"లోపలికి రా. సలి పెడ్తాంది."

"నేనెవరినే?"

"ఆయన చెప్పిండు. బయట కూసున్నోడు మంచోడే, ఏడికి పోతడు పాపం, రానియ్యి అన్నడు."

"ఆయనెవరు?"

"ఇంకెవరు? మా ఆయన."

"ఏడున్నడు?"

"పోయిండు."

"మల్ల వస్తడా?"

గ్లాసు నా చేతిలో పెట్టింది. "నువ్వు మంచిగుంటే రానన్నడు."

ఆ రోజు నుంచి గొళ్ళెం లేదు. అన్నం పెడుతుంది, తిడుతుంది, నా షర్టు గుండీ కుడుతుంది. డాక్టరు సంతోషించాడు. ఇలాగే తగ్గుతుందట. నేను విన్నది ఫోన్లో నా గొంతే తిరిగి వచ్చి ఉంటుందట. నేను మాట్లాడనిదే ఏ గొంతు తిరిగి వస్తుందయ్యా అంటే, నిద్ర సరిగ్గా పోతున్నారా అని నన్నే అడిగాడు.

నేనూ సంతోషించాలి. కానీ కడుపు మండుతోంది. నా ఇంట్లోకి రావడానికి నాకు ఎవడో సిఫారసు చేయడమేమిటి?

మొన్న ఉండబట్టలేక అడిగాను. "సుగుణా, నిజం చెప్పు. ఆ పొద్దు నన్ను గుర్తువట్టే రమ్మన్నవా... లేకపోతే వాడు చెప్పిండని రమ్మన్నవా?"

చేస్తున్న పని ఆపి నా ముఖంలోకి చూసింది. చాలాసేపు... అటు నుంచీ ఇటు నుంచీ.

"గదంత ఇప్పుడెందుకు?" అంది.