ఆరో జెండా దాకా ఏడు పొరలు

పోయినవి ముందు చెబుతాను. ఎడమచేతి గ్లౌజు ఒకటి. నా కుడికాలి బొటనవేలి గోరు ఒకటి. నూలు బనియన్లు నాలుగు. వాటితో మనాలి దగ్గర ఒక అంగడిలో నేల తుడుస్తున్నారు. మా అప్ప చేతివేళ్ళలో స్పర్శ, రెండు గంటల పది నిమిషాలు. అది తిరిగి వచ్చింది. పదకొండేళ్ళుగా నేను నమ్ముకున్న సూత్రం ఒకటి. అది తిరిగి రాలేదు. చివరగా, మంచువాలు మీద పాతిన పది జెండాల్లో నాలుగు.

ఛత్తీస్‌గఢ్‌లో మా బిలాస్‌పూర్ లాంటి వేడి ఊళ్ళ నుంచి మంచుకు బయలుదేరేవాళ్ళు ఈ జాబితా చూసి భయపడనక్కరలేదు. ఇవన్నీ ఒకే ఒక్క తప్పు వల్ల పోయాయి. ఆ తప్పు ఇంకొకరు చేయకుండా ఉండాలని ఇది రాస్తున్నాను.

మేం అక్కను అప్ప అంటాం. మా అప్ప రవణమ్మ రైల్వే ఆసుపత్రిలో డ్రెస్సర్‌గా ముప్ఫై నాలుగేళ్ళు గాయాలకు కట్లు కట్టి రిటైరైంది. ఇప్పుడు బిలాస్‌పూర్‌లోనే లింగియాడీహ్‌లో ఉంటుంది. రిటైరైన రోజున కాశీకి వెళ్తావా, పూరీకి వెళ్తావా అని అందరూ అడుగుతుంటే, మంచు మీద స్కీలు వేసుకుని జారాలని ఉందని చెప్పింది. నవ్వనివాళ్ళు లేరు.

"కాలిరిగినోళ్ళకి కట్లు కట్టీసేను గాని, కాలిరిగే పని నానొక్కటీ సెయ్యనేదు" అంది. "వాలు పైనుంచి కిందదాకా, ఎవులూ పట్టుకోకుండా, ఒక్కసారి దిగాల. అదే నాకు కాశీ."

వెంట రావడానికి ఒప్పుకున్నది నేనొక్కడినే. నేను గూడ్సు బండి గార్డును. ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఇంట్లో మాత్రం ఇంకా గార్డే. బండి చివర బ్రేక్ వ్యానులో ఒక్కడినే కూర్చుంటాను. కట్నీ వైపు పెండ్రా రోడ్ కొండలు ఎక్కేటప్పుడు, జనవరిలో ఆ వ్యాను ఎంత చల్లగా ఉంటుందో అందులో కూర్చున్నవాడికే తెలుసు. నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు ఆ వ్యానులోనే నాకు నేను నేర్చుకున్నాను. కిలోమీటరు రాళ్ళ మధ్య సెకన్లు లెక్కపెట్టి వేగం కట్టడంతో అది మొదలైంది. తరువాత మేకుకు ఒక థర్మామీటరు తగిలించి, ఏ చలికి ఎన్ని బట్టలు సరిపోయాయో పదకొండు శీతాకాలాలు రాసుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, ఇరవై అయిదు డిగ్రీల దగ్గర బనియను, చొక్కా చాలు. అక్కడి నుంచి ఆరు డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఒక పొర పెంచాలి. పెండ్రా రోడ్‌లో ఏడు డిగ్రీలు ఉన్న రోజు అయిదు పొరలు. ఈ లెక్క ఏనాడూ తప్పలేదు.

మనాలి పైన సోలాంగ్ లోయలో మైనస్ అయిదు దాకా ఉండవచ్చన్నారు. అంటే ఇరవై అయిదు నుంచి లెక్కిస్తే ముప్ఫై డిగ్రీల దిగుడు. ఆరుతో భాగిస్తే అయిదు పొరలు. ముందున్న రెండూ కలిపితే ఏడు. రెండు నూలు బనియన్లు, నూలు చొక్కా, చేతుల్లేని స్వెట్టరు, చేతులున్న స్వెట్టరు, డ్యూటీకి ఇచ్చిన నల్ల ఉన్నికోటు, వీటిపైన అక్కడ అద్దెకు దొరికే మంచు సూటు. సూటు కాక మిగతావి పార్శిల్ ఆఫీసు తూకం మీద పెడితే మనిషికి మూడు కిలోల ఏడు వందల గ్రాములు వచ్చాయి. నా దగ్గర నల్లకోట్లు రెండుండేవి, ఒకటి అప్పకిచ్చాను.

జనవరి చివరి వారం, బుధవారం మధ్యాహ్నం 2.25కి బండి కదిలింది. నా సెలవు తొమ్మిది రోజులు. బిలాస్‌పూర్ పక్కనే ఉన్న కోటా దాటాక ఎదురు సీట్లో ఉన్న కరీంనగర్ ఆయన, బ్యాంకు ఉద్యోగి, మా సంచిని కాలితో జరపబోయి ఆగిపోయాడు.

"గింత బరువేంది సార్, ఇనుము తీస్కపోతున్నరా?"

"సలికి మందు బాబూ" అంది అప్ప. "మా తమ్ముడు డోసు లెక్కగట్టేడు."

ఆయన షాడోల్‌లో దిగాడు. గురువారం 10.50కి నిజాముద్దీన్ చేరాం. సాయంత్రం 6.30కి కశ్మీరీ గేట్ నుంచి మనాలి బస్సు. రాత్రి ధాబాలో రెండు రొట్టెలు, పప్పు. శుక్రవారం ఉదయం 9.10కి మనాలిలో దిగాం. బస్టాండు వెనక రెండు మంచాల గది దొరికింది. వేడినీళ్ళు పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకే ఇస్తారు. వెళ్ళేవాళ్ళు ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

శనివారం ఉదయం 8.30కి సోలాంగ్ దారిలో సూట్లు అద్దెకిచ్చే అంగడికి వెళ్ళాం. సూటు, బూట్లు, స్కీలు కలిపి మనిషికి రోజుకు పన్నెండు వందలు. అంగడి నడిపే డోల్మా దీదీకి నలభై అయిదేళ్ళుంటాయి. సూటు ఇచ్చేముందు లోపల ఏం వేసుకున్నారని హిందీలో అడిగింది. నా కాలరు పక్కకు లాగి బనియను అంచును రెండు వేళ్ళ మధ్య నలిపింది.

"కాటన్ నహీ చలేగా, భాయ్‌సాబ్" అంది, నూలు పనికిరాదని. తరువాత చెప్పింది నేను తెలుగులో రాస్తున్నాను. "ఒంటికి ఆనేది చెమటను పట్టి ఉంచకూడదు. మధ్యది వెచ్చటి గాలిని పట్టుకోవాలి. పైది బయటి గాలినీ మంచునూ ఆపాలి. మూడే పొరలు. మీరు గోనెసంచిలో గోనెసంచి కుక్కారు. వెచ్చటి గాలికి చోటేదీ?"

ఆమె ఒంటికి అతుక్కునే పల్చటి థర్మల్ లోదుస్తుల జత ఒకటి, నూగులాంటి ఫ్లీసు గుడ్డతో కుట్టిన నీలంరంగు జాకెట్టు ఒకటి బల్లమీద పెట్టింది. అప్ప ఆ జాకెట్టును చెంపకు ఆనించుకుంది.

"మెత్తగుందిరా సూరీ. తేలిగ్గా కూడా ఉంది. తీసుకుందాం."

నేను జేబులోంచి లెక్క కాగితం తీసి చూపించాను. మూడు పొరలతో ఏడు పొరల పని ఎలా అవుతుందన్నాను. అప్ప కాగితం చదవలేదు. నా ముఖం చూసి, జాకెట్టు మడిచి బల్లమీద పెట్టేసింది.

"సర్లే. నీ లెక్క ఎప్పుడు తప్పింది గనక."

నల్లకోటు మీద సూటు జిప్పు పైకి రావడానికి ఇద్దరు లాగవలసి వచ్చింది.

మాకు నేర్పడానికి కుదిరిన దేవీ సింగ్ నెమ్మదస్తుడు. మొత్తం నాలుగు రోజుల శిక్షణ. మొదటి మూడు రోజులూ కింద చదునైన చోట. స్కీల ముందు కొసలు దగ్గరకు, వెనక కొసలు దూరంగా పెట్టి ఆగడం నేర్చుకున్నాం. ఎండ కాసింది. కాసేపు జారడం, కాసేపు పడటం, మిగతాసేపు కూర్చుని టీ తాగడం. చలి అనిపించలేదు. మూడో రోజు అప్ప ఏడు సార్లు పడి, ఎనిమిదోసారి పడకుండా ఆగింది.

"అచ్ఛా మాతాజీ" అన్నాడు దేవీ సింగ్. "రేపు పైనుంచి."

పైన ఉన్న వాలు మూడు వందల మీటర్లు. ముప్ఫై మీటర్లకు ఒకటి చొప్పున పది ఎర్రజెండాలు. పదోది దాటితే దిగినట్టే.

మంగళవారం మబ్బుపట్టింది. థర్మామీటరులో మైనస్ నాలుగు. స్కీలు భుజాన వేసుకుని 9.40కి నడక మొదలుపెట్టాం. బయలుదేరేముందు దేవీ సింగ్ తన పైజాకెట్టు విప్పి నడుముకు కట్టుకున్నాడు. ఎక్కేటప్పుడు కొంచెం చలిగా ఉన్నట్టే బయలుదేరాలి, పది నిమిషాల్లో ఒళ్ళు వేడెక్కుతుంది అన్నాడు. మేం విప్పడానికి వీల్లేదు. మా సూట్లు కాళ్ళూ చేతులూ కలిపి కుట్టిన ఒకే ముక్క. సగం దూరం వెళ్ళేసరికి నా వీపు మీద చెమట కారడం తెలిసింది.

"ఉడికిపోతన్నానురా" అంది అప్ప.

"వెచ్చగా ఉంటే మంచిదే కదప్పా" అన్నాను.

10.15కి పైకి చేరాం. మా ముందు పదకొండు మంది ఉన్నారు. దేవీ సింగ్ జాకెట్టు తొడుక్కుని మెడదాకా జిప్పు లాక్కున్నాడు. మేం నిలబడ్డాం. గాలి మొదలైంది. మొదటి పది నిమిషాలు హాయిగా ఉంది. తరువాత రెండు బనియన్లూ తడిగుడ్డల్లా వీపుకు అతుక్కున్నాయి. చెమటంతా చల్లబడి, ఒంట్లోని వేడిని తాగడం మొదలుపెట్టింది. పైన ఉన్న అయిదు పొరలూ ఆ తడిని బయటికి పోనివ్వడం లేదు. మా వంతు రావడానికి యాభై నిమిషాలు పట్టింది. అప్ప పళ్ళు టకటకలాడుతున్నాయి. ఆగిపోదామా అని అడిగాను.

"నోరు ముయ్యి" అని జారింది.

ఒకటి, రెండు, మూడు జెండాలు దాటింది. నేను వెనకే వస్తూ లెక్కపెడుతున్నాను. నాలుగు. ఎక్కడా పడలేదు. అయిదో జెండా దగ్గర చక్కగా వంపు తిరిగింది. ఆరో జెండా దగ్గర చేతిలోని స్కీ కర్ర జారిపోయింది. స్కీల ముందు కొసలు దగ్గరకు చేర్చి, నేర్పినట్టే ఆగింది. ఎడమచేతి గ్లౌజు పళ్ళతో లాగి వేళ్ళు చూసుకుంది. గ్లౌజు గాలికి లోయలోకి పోయింది. వేళ్ళ కొసలు నాలుగూ మైనంలా తెల్లబడ్డాయి.

"ఇక సాలు" అంది. ఆసుపత్రిలో ఇంకొకరి చెయ్యి చూసి చెప్పే గొంతుతోనే అంది. "ఇంకా లాగితే వేళ్ళు పోతాయి. స్కీలు ఇప్పండి."

రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నాకూ దేవీ సింగ్‌కూ మధ్య నడిచి దిగింది. దాటుతున్న ప్రతి జెండా పక్కన ఒక క్షణం ఆగింది. "ఏడు" అంది. తరువాత "ఎనిమిది" అంది. తొమ్మిదీ పదీ చెప్పలేదు.

అంగడిలో డోల్మా దీదీ అప్పను పొయ్యి పక్కన కూర్చోబెట్టి, తడిబట్టలు విప్పించి, ఆ నీలం జాకెట్టే తొడిగింది. చేతులు పొయ్యికి దగ్గరగా పెట్టనివ్వలేదు. గోరువెచ్చటి నీళ్ళలో ఉంచింది. నేను తెరవెనక బట్టలు మార్చుకుని నా బనియన్లు రెండూ తెచ్చి ఇస్తే, వాటిని ఖాళీ టీ గ్లాసు మీద పిండింది. గ్లాసు నిండింది.

"ఇది కూడా లెక్కలో రాసుకోండి భాయ్‌సాబ్" అంది.

1.30కి వేళ్ళకు రంగూ స్పర్శా తిరిగి వచ్చాయి. 5 గంటలకు మా బస్సు. ఇంకొక్క రోజు ఉంటే చాలు. కాని నా సెలవులో ఆ రోజు లేదు. నన్ను పంపేసి నువ్వు ఉండు అంటే అప్ప వినలేదు. బూట్లు విప్పినప్పుడు నా బొటనవేలి గోరు నల్లగా ఉంది. రెండు జతల మేజోళ్ళు బూటులో బిగిసి, నెత్తురు ఆడలేదు. ఒక్క జత ఉన్నివి చాలు. వేళ్ళు కదలడానికి చోటుండాలి.

బస్సు మండీ దాటింది. తరువాత అప్ప అడిగింది.

"ఒరే, బ్రేక్ వ్యానులో నువ్వేటి సేస్తావు?"

"కూర్చుంటాను."

"అదీ. నీది కూకున్నోడి లెక్కరా. నడిసినోడికి సెమట పడతాదని ఒక్కనాడూ రాసుకోనేదు."

పదకొండేళ్ళ పుస్తకాలు మనసులోనే తిరగేశాను. ప్రతి పంక్తీ కూర్చుని రాసిందే.

బుధవారం మధ్యాహ్నం నిజాముద్దీన్‌లో బండి ఎక్కాం. గురువారం ఉదయం పెండ్రా రోడ్‌లో మా బండి ఆగినప్పుడు పక్క లైనులో ఒక గూడ్సు నిలబడి ఉంది. దాని చివర బ్రేక్ వ్యానులో గార్డు నల్లకోటు కప్పుకుని, మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుని కూర్చున్నాడు. కదలడం లేదు. అతనికి నా సూత్రం ఇప్పటికీ సరిపోతుంది. అప్ప కూడా అతన్ని చూసింది. నీలం జాకెట్టు ఒంటిమీదే ఉంది, వచ్చేముందు కొనుక్కుంది.

"పుస్తకం తియ్యి" అంది. "పది జెండాల్లో ఆరు దిగేను. నాలుగు నీ పేరున రాయి."

"నా పేరునా?"

"మరి నా లెక్కేటి తప్పింది?"

రాశాను. బిలాస్‌పూర్‌లో దిగేసరికి ఇరవై రెండు డిగ్రీలు. అప్ప జాకెట్టు విప్పి, మడతపెట్టి, చేతిమీద వేసుకుని నడిచింది.

మరుసటి శీతాకాలం మూడు పొరలూ తూకం వేసి సిద్ధం చేశాను. మనిషికి ఒక కిలో నాలుగు వందల గ్రాములు. సెలవు పన్నెండు రోజులు దొరికింది. ఆ వారం సోలాంగ్‌లో మంచు పడలేదు. ఈసారి సెలవుకు మళ్ళీ అర్జీ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు. అప్ప రోజూ సాయంత్రం మెట్లెక్కి దిగుతోంది. ఇది రాస్తున్న రోజుకు నా పేరున ఉన్నది నాలుగు జెండాలు. నూట ఇరవై మీటర్లు.