కాలికి దిగిన తాయెత్తు

మిషను ఆసుపత్రిలో ఎలీసమ్మది ఆయా ఉద్యోగం. ఎక్స్‌రే గది తుడవాలి, పిల్లల్ని బల్లమీద కదలకుండా పట్టుకోవాలి, అంతే. ఆ బొమ్మల్లో ఏముందో తల్లులకు విడమరిచి చెప్పమని ఆమెకు ఎవరూ జీతం ఇవ్వలేదు. ఆ పని తనంతట తానే నెత్తిన వేసుకుంది. పన్నెండేళ్ల కిందట తన కూతురి ఎక్స్‌రే చూసి డాక్టర్లు ఇంగ్లీషులో ఏదో అనుకుంటూ వెళ్లిపోయారు. పిల్లకు ఏమైందో తెలిసేసరికి పిల్ల లేదు. ఆ మంట ఆరలేదు, ఆరనివ్వకూడదనే ఆమె పట్టుదల.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది వేసవిలో గజపతినగరం అవతలి పల్లెనుంచి దాలమ్మ వచ్చింది, చంకలో మూడేళ్ల గంగులుతో. రెండు రోజులుగా వాడికి గంజి కూడా దిగడం లేదు, నోటివెంట చొంగ కారుతోంది. ఏదో మింగాడని డాక్టరు నరసింగరావు అనుమానం. తీరా ఫిల్మ్ తీస్తే, తల్లి వాడి మెడలో కట్టి చొక్కా కింద దాచిన రాగి తాయెత్తు బొమ్మలో సరిగ్గా గొంతు దగ్గర అడ్డం పడింది. ముందే చూసుకోనందుకు ఎలీసమ్మ తనను తానే తిట్టుకుంది. తీసెయ్యమంటే దాలమ్మ బిగుసుకుపోయింది. అంతకుముందు పుట్టిన ఇద్దరూ పోయారు. వీడికైనా ఆయుష్షు ఉండాలని శ్రీముఖలింగం గుళ్లో కట్టించిన తాయెత్తు అది.

"ఒంటినుంచి తీస్తే నా బిడ్డ దక్కడు. నువ్వు సర్చికెల్లే మనిసివి, నీకేటి తెలుస్తాది అప్పా?"

ఆ మాట చురుక్కుమంది. అయినా ఎలీసమ్మ పక్కకు తప్పుకోలేదు. తడి ఆరని ఫిల్మ్‌ను కిటికీ వెలుగుకు పట్టింది. చూస్తూనే దాలమ్మ గుండెలు బాదుకుంది.

"అన్నీ ఎముకలే ఉన్నాయేటి? నా బిడ్డ సచ్చిపోతాడేటి?"

ఇలా అడిగే తల్లులను చూసి కాంపౌండరు నవ్వేవాడు. అలా నవ్వేవాళ్లంటే ఎలీసమ్మకు గిట్టదు.

"నీకూ నాకూ లోపల ఇలాగే ఉంటాది. ఈ మిసను ఎలుతురు కండలోంచి ఎల్లిపోతాది, ఎముక ఆపేస్తాది. అందుకే తెల్లగా ఉన్నాది. ఇది సూడు, నీ తాయెత్తు. రాగి కూడా ఆపేస్తాది. దీని ఎనకాల ఏటున్నాదో డాక్టరుబాబుకి కనబడదు."

దాలమ్మ చాలాసేపు చూసింది. "మరేటి సెయ్యాలి?"

"ఒంటినుంచి తియ్యొద్దు. మెడకాణ్నించి కాలికి దింపుదాం. నువ్వే దింపు."

దాలమ్మ ముడి విప్పింది. తాయెత్తును బొటనవేలితో బిడ్డ ఒంటికి అదిమిపట్టి, రొమ్ముమీదుగా, పొట్టమీదుగా, తొడమీదుగా జరుపుకుంటూ తెచ్చి చీలమండకు కట్టింది. డాక్టరు గడియారం చూసుకుంటున్నా ఎలీసమ్మ ఆమెను తొందరపెట్టనివ్వలేదు.

రెండో ఫిల్మ్ వచ్చాక, ఎలీసమ్మ నోరు తెరవకముందే దాలమ్మ వేలు పెట్టి చూపించింది.

"ఇది ఎముక కాదప్పా. నా పిన్నీసు."

పుస్తెలతాడు తడుముకుంది. దానికి తగిలించుకున్న పిన్నీసుల్లో ఒకటి లేదు.

డాక్టరు పొడవాటి పట్టకారుతో దాన్ని పైకి లాగాడు. సాయంత్రానికి గంగులు గ్లాసెడు గంజి తాగి, ఇంకా కావాలని పేచీ పెట్టాడు. డాక్టరు ఇంటికెళ్లమని చెప్పి వెళ్లబోతుంటే దాలమ్మ ఫిల్మ్ పట్టుకుని దారికి అడ్డంగా నిలబడింది.

"పిన్నీసు ఎక్కడ గుచ్చుకున్నాదో, లోపల దెబ్బేటైనా ఉన్నాదో సూపించి సెప్పు బాబూ. తెలుసుకోకుండా ఎల్లను."

నరసింగరావు స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన ఏ తల్లికీ అలా చెప్పలేదు.