రెండో గడిలో పేరు

భవానీపురంలో మా వీధి చివర చెరుకు రసం బండి ఒకటి ఉంది. దాని చక్రానికి కట్టిన గజ్జెలు మధ్యాహ్నమంతా మోగుతూనే ఉంటాయి. మోగుతున్నంతసేపూ నా చెవిన పడవు. గడ ఇరుక్కుని చక్రం ఆగిందంటే మాత్రం ఎక్కడున్నా తలెత్తి చూస్తాను. నిన్న కూడా అలాగే, కూరల కోసం వెళ్తున్నవాణ్ణి నడిరోడ్డు మీద నిలబడిపోయాను. వెనక స్కూటరు మీద వస్తున్నాయన విసుక్కుంటూ పక్కనుంచి పోయాడు. అలా ఆగి చూడటం నాకు నేర్పింది ఎస్తేరు గారని ఆయనకేం తెలుసు. ఆవిడ మంచివారేనా అంటే ఆలోచించకుండా ఔనంటాను. ఆవిడ చేసిందంతా మంచేనా అంటే మాత్రం ఇప్పటికీ తడుముకుంటాను.

ఎస్తేరు గారు నా మొదటి ఉద్యోగంలో నాకు పైఅధికారి. గన్నవరం వెళ్ళే రోడ్డులో ఒక మేడ మీద చిన్న ఆఫీసు మాది. కైకలూరు వైపు రొయ్యల చెరువుల్లో పెట్టిన మీటర్లు, నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో మా సర్వరుకు పంపేవి. అది పడిపోతే రైతు ఫోను మోగాలి, ఆయన పరుగున వెళ్ళి నీళ్ళు చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లు వెయ్యాలి. ఆవిడకు యాభై దాటాయి. టిఫిను డబ్బాలో రోజూ పెరుగన్నం, మాగాయ ముక్క. నిన్నగాక మొన్న చేరిన నన్ను కూడా కిషోర్ గారూ అనేవారే తప్ప ఏనాడూ ఏకవచనంలో పిలవలేదు. తిట్టినా అండీ చేర్చే తిట్టేవారు, అందుకని తిట్టారో మెచ్చుకున్నారో తెలుసుకోవడానికి నాకు ఒక పూట పట్టేది.

ఆ వేసవిలో అలర్టులు ఆలస్యంగా వెళ్ళడం మొదలైంది. ఒక్కోసారి నిమిషం, ఒక్కోసారి రెండు. సర్వరు మీద భారం చూస్తే ఏమీ లేదు, ఎండకు నీడన పడుకున్న గేదెలా తీరిగ్గా ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ దగ్గర ఏదో తాళం కోసం పనులన్నీ ఆగిపోతున్నాయని ఎస్తేరు గారి ఊహ. కనుక్కునే పని నాకు అప్పగించారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కాలేదని చెప్పే ధైర్యమూ లేదు. నా మొహం చూసి ఆవిడే మొదలుపెట్టారు.

"పెళ్ళివారిల్లు అనుకోండి. నలభై మంది చుట్టాలు, ఒకటే స్నానాల గది. ఒకరు లోపలికెళ్ళి గడియ పెట్టుకుంటే మిగతావాళ్ళు తువ్వాలు భుజానేసుకుని నిలబడాల్సిందే కదండీ. ఇక్కడా అంతే. పని తక్కువై కాదు, వంతు రాక ఆలస్యం."

తెలిసిందనుకున్నాను. వచ్చిన చిక్కల్లా అక్కడే. ఏ తాళం ఏ ప్రోగ్రాము తీసినా, వేసినా రాసుకునేలా పెట్టాను. క్షణానికి లక్షల సార్లు జరిగే సంగతి అది. రాసుకోవడంతోనే సర్వరుకు ఊపిరాడలేదు. నిమిషం ఆలస్యమయ్యే అలర్టులు పది నిమిషాలు ఆలస్యమయ్యాయి. అసలు జబ్బేదో నా మందు తెచ్చిన జబ్బేదో తేల్చుకోలేక బుర్ర గోక్కుంటూ కూర్చున్నాను. ఎస్తేరు గారు నేను పెట్టింది తీయించి, రండి చెరుకు రసం తాగుదాం అని కిందికి తీసుకెళ్ళారు. మేడ కింద అలాంటి గజ్జెల బండే ఒకటి ఉండేది. దాని దగ్గర నిలబడి, గజ్జెలు ఇప్పటికి ఎన్నిసార్లు మోగాయో చెప్పమన్నారు.

"లెక్కపెట్టలేదు మేడం."

"మంచిపని చేశారు. ఆగితే తెలుస్తుందా?"

"తెలుస్తుందండీ."

"మరింకే. సాఫీగా వెళ్ళిపోయేవాళ్ళ జోలికి పోకండి. ఎవరైనా ఆగాల్సి వచ్చినప్పుడే రాసుకోండి. ఎంతసేపు ఆగారో అంతే."

అలాగే చేశాను. సర్వరుకు చీమ కుట్టినట్టయినా లేదు. సాయంత్రానికి పట్టిక తయారైంది. పట్టికలో మొదటి వరుస నుంచి పదో వరుస దాకా ఒకటే పేరు, అలర్టులు పంపే ప్రోగ్రాము. అది రాసింది శ్రీనివాస్ గారు. ఇద్దరు పిల్లల తండ్రి, ఎవరి జోలికీ పోని మనిషి. ఆ ఉత్సాహంలో నాకు అవేవీ గుర్తు రాలేదు. శుక్రవారం మీటింగులో యజమాని ముందు పట్టిక పెట్టి, తప్పు శ్రీనివాస్ గారి ప్రోగ్రాములో ఉందని చెప్పాను. రైతుల ఫోన్లకు జవాబు చెప్పలేక విసిగి ఉన్న యజమాని, సోమవారం మరొకసారి మాట్లాడుకుని ఈయన్ని ఉద్యోగంలోంచి పంపించేద్దాం అన్నాడు. శ్రీనివాస్ గారు బల్ల వంక చూస్తూ కూర్చున్నారు. నేను ఎస్తేరు గారి వంక చూశాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. సరే, నేను చెప్పింది ఒప్పే కాబోలు అనుకున్నాను.

శనివారం పొద్దున్నే ఎస్తేరు గారు నా బల్ల దగ్గరికి వచ్చి పట్టిక చేతిలోకి తీసుకున్నారు.

"ఇందులో ఉన్నది ఎవరండీ?"

"ఎక్కువసేపు ఆగినవాళ్ళు మేడం."

"తువ్వాలు భుజానేసుకుని బయట నిలబడ్డవాళ్ళు. ఔనా? మరి లోపలున్నదెవరు?"

నేను పట్టికను మళ్ళీ పై నుంచి కిందికి చూశాను. ఆవిడ పెన్సిలు తీసి పేర్ల పక్కన నిలువుగా ఒక గీత గీశారు. "ఈ రెండో గడి నింపండి" అని వెళ్ళిపోయారు. ఆ రోజంతా తంటాలు పడ్డాను. ఎవరైనా ఆగిన క్షణంలో తాళం ఎవరి చేతిలో ఉందో కూడా రాసుకునేలా పెట్టేసరికి ఆదివారమైంది. చర్చి నుంచి ఆవిడ తిన్నగా ఆఫీసుకు వచ్చేసరికి రెండో గడి నిండి ఉంది. అందులోనూ మొదటి వరుస నుంచి పదో వరుస దాకా ఒకటే పేరు. ఏ ప్రోగ్రాము ఎంత మెమరీ వాడుతోందో రెండు సెకన్లకోసారి తొంగిచూసే స్క్రిప్టు అది. తాళం తన దగ్గర పెట్టుకుని అది చూసినంతసేపూ అలర్టుల ప్రోగ్రాము ఆగాలి. మేమంతా చేరకముందే ఎస్తేరు గారు స్వయంగా రాసింది.

రిపోర్టులో 'పాత స్క్రిప్టు ఒకటి' అని రాసి చూపించాను. ఆవిడ చదివి వెనక్కి ఇచ్చారు.

"ఎవరి స్క్రిప్టండీ?"

"మీదే మేడం. పేరు ఎందుకని..."

"శ్రీనివాస్ గారి పేరు రాసినప్పుడు మీ చెయ్యి ఆగలేదే."

సిగ్గుతో చచ్చిపోయాను. రాశాను. సోమవారం ఆవిడే ఆ రిపోర్టును అందరి ముందూ నిలబడి, తన పేరు దగ్గర గొంతు తగ్గించకుండా చదివారు. స్క్రిప్టు ఆపేశాం, అలర్టులు టైముకు వెళ్ళాయి, శ్రీనివాస్ గారు ఉద్యోగంలో ఉన్నారు. ఆవిడ చెప్పకముందే వెళ్ళి ఆయనకు క్షమాపణ చెప్పాను. ఆయన "పర్లేదండీ" అన్నారు. ఇంత పెద్ద సంగతి అంత తేలిగ్గా ఎలా పోయిందో నాకు అప్పుడు అంతుపట్టలేదు.

పోయిన ఏడాది ఎస్తేరు గారు చనిపోయారు. ఇక్కడే, భవానీపురంలోనే, వాళ్ళింటి ముందు షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. శ్రీనివాస్ గారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. పాట అయ్యాక, ఏదో మామూలు కబురు చెప్పినట్టు చెప్పారు.

"ఆ శుక్రవారం సాయంత్రమే మేడం మా ఇంటికొచ్చారండీ. తప్పు మీది కాదు, నా స్క్రిప్టు మీదే నాకు అనుమానంగా ఉంది, కిషోర్ గారు తనంతట తాను కనుక్కుంటారేమో, సోమవారం దాకా ఓర్చుకుంటారా అని అడిగారు. కనుక్కోలేకపోతే తనే చెప్తానన్నారు. సరేనన్నాను. వీధిలో నిలబడే మాట్లాడారు. మా ఆవిడకి చెప్పొద్దన్నారు, ఆఫీసులో పాకుతుందని. పాపం మా ఆవిడే, నా ఉద్యోగం పోయిందనుకుని ఆ రెండ్రోజులూ ముద్ద ముట్టలేదు."

నన్ను మనిషిని చెయ్యడానికి ఎస్తేరు గారు రెండు రోజులు నోరు మూసుకున్నారు. ఆ చదువు నాకు వచ్చింది, జీతం తెస్తోంది, నా దగ్గర పనిచేసే పిల్లలు ఎవరి పేరైనా రాసి తెస్తే పక్కన పెన్సిలుతో గీత గీసి వెనక్కి పంపిస్తాను. అందుకు ఆవిడకు రుణపడి ఉన్నాను. కానీ ఆ చదువు ఖర్చు ఎవరో తిండి మానేసి భరించారు. మాట్లాడని ఆవిడదా తప్పు, మాట్లాడిన నాదా? ఆలోచించినకొద్దీ చిక్కుముడి బిగుసుకుంటుందే తప్ప విడిపోదు.

నిన్న బజారు నుంచి వచ్చాక, సంచి పక్కన పెట్టి, కాగితం మీద రెండు గడులు గీశాను. తాళం పట్టుకున్నవాళ్ళ గడిలో ఎస్తేరు గారి పేరు రాసి, కింద నా పేరు కూడా రాశాను. చెయ్యి ఆగలేదు. ఆగినవాళ్ళ గడి దగ్గరికి వచ్చేసరికి ఆగింది. శ్రీనివాస్ గారి భార్య పేరేమిటో నాకు తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.