తూకపు గదిలో నీలం కోటు

జనవరి 9, ఉదయం 10 గంటల 17 నిమిషాలు. మందుల నాణ్యత పరీక్షించే ఒక ప్రయోగశాలలో, మొదటి అంతస్తులోని తూకపు గదిలో, ఆమె తన ఉద్యోగ జీవితంలో రెండో వివరణ పత్రం రాసింది. మొదటిది పన్నెండు రోజుల క్రితం రాసింది. అంతకుముందు గడిచిన ఇరవై ఆరేళ్ళలో ఒక్కటి కూడా రాయలేదు.

అక్కడి పద్ధతి ఇది. చిన్న గాజుసీసాలో ఉన్న పొడిని ముందు ఒకరు తూస్తారు. అంకెను చీటీ మీద రాసి, మడిచి, బల్ల మీదున్న పెట్టెలో వేస్తారు. పది నిమిషాల్లోపు మరొకరు, మొదటి అంకె చూడకుండా, అదే సీసాను అదే త్రాసులో తూస్తారు. రెండు అంకెల మధ్య తేడా 0.20 మిల్లీగ్రాములు దాటితే రెండోవారు ఇంకొకసారి తూచి తమ అంకెను ఖాయం చేస్తారు. మొదటివారు వివరణ రాస్తారు. మూడు నెలల్లో మూడు వివరణలైతే మొదటివారికి త్రాసు ముందు కూర్చునే అనుమతి పోతుంది. అలా పోయినవారిని కింది అంతస్తుకు పంపుతారు. అక్కడ సీసాలకు చీటీలు అంటించడమే పని.

ఆమెను అందరూ సున్నాలక్క అంటారు. గ్రాముల్లో చూపే త్రాసు తెరమీద దశాంశ బిందువు తర్వాత ఐదు సున్నాలు నిలకడగా కనిపించేదాకా ఆమె సీసాను ముట్టదు. ఆ నిలకడకు సాధారణంగా నలభై సెకన్లు పడుతుంది. ఆ నలభై సెకన్లూ ఊపిరి కూడా పక్కకు తిప్పి వదులుతుంది. రోజూ 8 గంటల 50 నిమిషాలకు గది ఉష్ణోగ్రతనూ గాలిలోని తేమ శాతాన్నీ ఒక పొడుగాటి పుస్తకంలో రాస్తుంది. ఆ పుస్తకాన్ని ఇంతవరకు ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

రెండో తూకం ఆమెకంటే అయిదేళ్ళు చిన్నవాడైన ఒక సహోద్యోగిది. ఆయన్ను రెండోఆయన అంటారు. ఇంట్లో కూడా తన మాట రెండోదేనని ఆయనే చెప్పుకొని నవ్వుతాడు. జనవరి 9న తేడా 0.38 వచ్చింది. ఆయన తన అంకెను ఖాయం చేసి, చాలాసేపు ముక్కు గోక్కుని, కళ్ళద్దాల నంబరు మారిందేమో చూపించుకోమని మెల్లగా అన్నాడు. యాభై నాలుగేళ్ళ మనిషికి ఆ మాట పంటి కింద రాయిలా తగిలింది. తెరమీద అంకెలు ఒక్కొక్కటి అంగుళం ఎత్తు ఉంటాయి.

అయినా చూపించుకుంది. నంబరు మారలేదు. కాఫీ మానేసింది. చేతివేళ్ళ మీద పల్చని కాగితం పెట్టి, అంచు వణుకుతుందేమోనని నిమిషం చొప్పున చూసుకుంది. కాగితం కదిలింది; కిటికీ మూసి చూస్తే కదల్లేదు. కుర్చీ ఎత్తు మార్చింది, మళ్ళీ పాత ఎత్తుకే తెచ్చింది. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా వంటగదికీ వరండాకీ మధ్య తిరిగింది. ఉప్పు డబ్బాను అరచేతిలో పెట్టుకుని ఎంత బరువుంటుందో అంచనా వేసి, కాటా మీద పెట్టి సరిచూసుకుంది. నాలుగు గ్రాములు తప్పింది. ఆ నాలుగు గ్రాములు ఆమెకు మింగుడుపడలేదు.

భర్త దర్జీ. ముందుగదిలోనే ఆయన మిషను ఉంటుంది. ఈ తిరుగుడంతా రెండు రోజులు చూసి, నేల అరుగుతోంది, కాస్త కూర్చో అన్నాడు. ఆమె కూర్చోలేదు. పదమూడో తేదీ ఉదయం ఉద్యోగానికి బయల్దేరుతూ నీలం కోటు తొడుక్కుంటుంటే ఆయన మిషను ఆపి తల పక్కకు వంచాడు.

"వినబడుతోందా నీకు?"

"ఏంటి?"

"నీ కోటు చిటపటలాడుతోంది. పోపు పెట్టినట్టు. పైన పాలిస్టరు, లోపల నైలాను, చలికాలంలో ఇంతే. నిన్న దీని గుండీ కుడుతుంటే దారం ముక్కలన్నీ వచ్చి నా చేతికి అతుక్కున్నాయి. ఇది కుట్టించినవాడెవడో గానీ మనిషిని కాదు, బ్యాటరీని దృష్టిలో పెట్టుకున్నాడు."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. తొడుక్కుంటున్న చేతిని సగంలో ఆపి, మోచేతి మీద నిలబడ్డ వెంట్రుకలను చూసింది. పాఠశాలలో దువ్వెనను తలకు రుద్ది కాగితం ముక్కలు ఎగరేసిన ప్రయోగం ఎవరికైనా గుర్తుంటుంది. గాజుసీసా, పొడిగాలి, రాపిడి, మిల్లీగ్రాములో వందో వంతును కూడా చూపించే త్రాసు. ఆ నాలుగింటినీ ఒకే వాక్యంలో పెట్టడానికి ఆమెకు బస్సులో పదకొండు నిమిషాలు పట్టింది.

ప్రయోగశాలకు రాగానే పొడుగు పుస్తకం తీసింది. నీలం కోట్లు వచ్చింది కిందటి జూలైలో. తూకపు గది గోడల్లో ఒకటి అద్దం. ఆ అద్దం వెలుపలి నడవాలోకి మందుల కంపెనీలవాళ్ళను తీసుకొచ్చి పని చూపించడం అప్పుడే మొదలైంది. చూసేవాళ్ళ కళ్ళకు వెలిసిపోయిన నూలు ఏప్రాన్లు బాగోవని మేనేజరు వాటిని తీసేయించి, లోపల పల్చని తెల్ల చొక్కా, పైన నీలం కోటు పెట్టించాడు. జూలై నుంచి అక్టోబరు దాకా గదిలో తేమ 55 శాతానికి తగ్గలేదు. డిసెంబరు 28న 29 శాతం. జనవరి 9న 31. వానల్లో కోటు వచ్చింది, చలిలో తేడా వచ్చింది. మధ్యలో అయిదు నెలలు ఉండటం వల్ల ఒకదాని పక్కన మరొకదాన్ని ఎవరూ పెట్టి చూడలేదు.

అయితే రెండోఆయనకు కూడా అదే కోటు ఇచ్చారు. ఆయన అంకె ఎందుకు చెదరడం లేదు? ఆ ప్రశ్నకు సమాధానం ఆరు నెలలుగా తలుపు పక్కన మేకుకు వేలాడుతోంది. ఆయన గదిలోకి రాగానే కోటు విప్పి అక్కడ తగిలించి, చొక్కా చేతులు మడుచుకుని కూర్చుంటాడు. ఆ ప్రయోగశాలలో మగవాళ్ళందరూ అంతే. ఆడవాళ్ళు మాత్రం విప్పరు. భోజనశాలలో చెమటలు కారుతున్నా విప్పరు.

మధ్యాహ్నం నడవాలో ఎవరూ లేని వేళ, 1 గంట 10 నిమిషాలకు, ఆమె తలుపు మీది ఎర్రదీపం వేసింది. ఆ దీపం వెలుగుతున్నంతసేపు ఎవరూ తలుపు తీయకూడదు; గాలి కదిలితే తూకం చెడుతుంది. కోటుతో ఆరుసార్లు, కోటు లేకుండా ఆరుసార్లు తూచింది. విప్పిన ప్రతిసారీ బల్ల ఇనుపకాలును తాకి, ఒంట్లోని విద్యుత్తు నేలలోకి దిగేందుకు రెండు నిమిషాలు ఆగింది. కోటు లేనప్పుడు ఆరు అంకెలూ 0.04 లోపల సర్దుకున్నాయి. కోటుతో ఒక్కో అంకె ఒక్కో దారి పట్టింది. అతి పెద్ద తేడా 0.46. లోపం సీసాలో లేదు, త్రాసులో లేదు, వేళ్ళలో లేదు.

తేలికపడాల్సిన మనసు తేలికపడలేదు. ఎవరూ చూడని వేళే ఎందుకు విప్పింది? ఆ ప్రశ్న భోజనం డబ్బా మూత తీస్తున్నప్పుడు వచ్చింది, మూత పెట్టేదాకా వెళ్ళలేదు.

కాగితం పట్టుకుని మేనేజరు గదికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాడు. అన్నీ చక్కగా అమరి ఉండాలనే యావ ఎక్కువ. బల్ల మీద పెన్సిళ్ళు కూడా పొడవు వరసలో పెడతాడు. పన్నెండు అంకెలూ చూశాడు. సాక్షి లేని ప్రయోగాన్ని లెక్కలోకి తీసుకోలేనని, పదహారో తేదీన పెద్ద కంపెనీవాళ్ళు వస్తున్నారని, వాళ్ళు వెళ్ళాక తీరిగ్గా చూద్దామని చెప్పాడు. పదహారునే తన తర్వాతి తూకం ఉందని, అది తప్పితే మూడోదవుతుందని ఆమె గుర్తుచేసింది. కోటు విప్పి తూస్తానని అడిగింది.

"మేడమ్, అది కుదరదు. ఆడవాళ్ళు పనివేళల్లో కోటు తీయకూడదని రూలు."

"కాగితం చూపిస్తారా సార్?"

ఆయన ఫైలు తీశాడు. జూలై 4 నాటి ఉత్తర్వు ఒకే వాక్యం: సిబ్బంది అందరూ సంస్థ ఇచ్చిన కోటుతో విధులకు హాజరు కావాలి. ఆడ, మగ అన్న మాట అందులో లేదు. ఆయన కాగితం వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఖాళీ.

"రాతలో లేకపోవచ్చు. కానీ మొదట్నుంచీ ఉన్నదే కదా. ఆ రిసెప్షన్ అమ్మాయే చెప్పింది నాకు. కొత్తగా చేరినవాళ్ళందరికీ తనే చెబుతుంది."

రిసెప్షన్ అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. కోట్లు వచ్చిన వారమే చేరింది. సున్నాలక్క మెట్లు దిగివెళ్ళి ఆమె బల్ల ముందు నిలబడింది.

"కోటు తీయకూడదని నీకెవరు చెప్పారే?"

అమ్మాయి ఫోను పక్కన పెట్టి వింతగా చూసింది.

"మీరే కదక్కా."

"నేనా?"

"చేరిన మూడో రోజు. భోజనాల దగ్గర ఉక్కపోస్తోందని తీయబోతే, 'వద్దమ్మా, లోపల చొక్కా పల్చన, బయటివాళ్ళు వచ్చి చూస్తుంటారు, మనం ఆడవాళ్ళం, బాగుండదు' అన్నారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు మనిషి చెప్పారు కదా అని అందరికీ అదే చెప్పాను. ఇక్కడ పద్ధతి అలా ఉందనుకున్నా."

సున్నాలక్క ఆ జూలై భోజనాలను గుర్తుచేసుకోబోయింది. అన్నట్టు గుర్తు లేదు. కానీ ఆ మాటలు తనవే. తల్లి నోట విన్నవి విన్నట్టుగా తన నోట వచ్చే వరసే అది. ఏ కొలతా లేకుండా, రెండోసారి సరిచూడకుండా, ముద్ద నములుతూ అన్న మాట ఆరు నెలల్లో పద్నాలుగు మంది ఆడవాళ్ళ ఒంటిమీద రూలై కూర్చుంది. ఆ రూలు ఇప్పుడు తిరిగి వచ్చి తననే కింది అంతస్తుకు తోస్తోంది.

ఆ సాయంత్రం మిషను చప్పుడు పక్కన కూర్చుని పొడుగు పుస్తకం చివరి పేజీలో రెండు గళ్ళు గీసింది. ఎడమ గడికి 'ఏమిటి', కుడి గడికి 'ఎవరు చెప్పారు' అని పెట్టింది. కోటు విప్పకపోవడం. సమావేశాల్లో తలుపు పక్క కుర్చీలోనే కూర్చోవడం. ఈల వేయడం వచ్చినా వేయకపోవడం. భర్త తనను నువ్వు అంటే తాను ఆయన్ను మీరు అనడం. ఎడమ గడిలో తొమ్మిది వరుసలు నిండాయి. కుడి గడిలో మొదటి వరుసకు 'నేనే' అని రాసింది. మిగతా ఎనిమిదీ ఖాళీగా ఉండిపోయాయి.

"ఏం లెక్కలవి?" అన్నాడు దర్జీ.

"మీకు చెప్పేవి కావు." ఆ 'మీకు' దగ్గర ఒక్క క్షణం ఆగింది. కానీ మార్చలేదు.

పద్నాలుగున రిసెప్షన్ అమ్మాయిని కలిసి, అది రూలు కాదని, తన పొరపాటని, అందరికీ చెప్పమని కోరింది. అమ్మాయి తల ఊపింది. పదిహేనున భోజనశాలలో ఒక్కరు కూడా కోటు విప్పలేదు. మీరు విప్పలేదు కదక్కా అని ఒకామె కంచంలోకి చూస్తూ అంది. అది నిజం.

జనవరి 16, ఉదయం 8 గంటల 50 నిమిషాలు. తేమ 28 శాతం; ఆ చలికాలంలో అదే అతి తక్కువ. 10 గంటలకు అద్దం వెలుపల నలుగురు అతిథులు, వాళ్ళ పక్కన మేనేజరు, వెనక రిసెప్షన్ అమ్మాయి వచ్చి నిలబడ్డారు. రెండోఆయన అప్పటికే కోటు మేకుకు తగిలించి, గది మూలన తన వంతు కోసం కూర్చున్నాడు. ఆమె ఎర్రదీపం వేసింది. తర్వాత అతిథులకు ఎదురుగానే గుండీలు విప్పడం మొదలుపెట్టింది. మూడు గుండీలు. మూడోదాని దగ్గర వేలు జారింది. భర్త దాన్ని కొంచెం గట్టిగా కుట్టాడు.

"అక్కా, బయట చూస్తున్నారు," అన్నాడు రెండోఆయన గొంతు తగ్గించి.

"చూడనీ. వచ్చిందే చూడ్డానికి."

కోటు తీసుకెళ్ళి ఆయన కోటున్న మేకుకే తగిలించింది. ఇంకో మేకు అక్కడ లేదు. ఇన్నాళ్ళూ ఎందుకు లేదో ఆలోచించే తీరిక అప్పుడు లేదు. మేనేజరు అద్దం మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. తలుపు పిడి దాకా వెళ్ళాడు. ఎర్రదీపం చూసి ఆగిపోయాడు. తలుపు తీస్తే తూకం చెడుతుందని అతిథులకు పావుగంట క్రితం వివరించింది ఆయనే.

ఆమె బల్ల ఇనుపకాలును తాకి రెండు నిమిషాలు నిలబడింది. పల్చని చొక్కా వీపుకు చల్లగా తగిలింది. భుజాలు వాటంతటవే ముందుకు ముడుచుకుంటుంటే బలవంతంగా వెనక్కి లాగింది. కూర్చుంది. తెరమీద అంకె 0.00003 దగ్గర తచ్చాడింది, 0.00001కి దిగింది. సున్నాలు నిలిచాయి. ఊపిరి పక్కకు తిప్పి వదిలింది. పట్టకారుతో సీసాను పళ్ళెంలో పెట్టింది. అంకె రాసింది, చీటీ మడిచింది, పెట్టెలో వేసింది. లేచి గోడ పక్కకు వెళ్ళి నిలబడింది. కోటు తొడుక్కోలేదు.

రెండోఆయన కూర్చున్నాడు. ఏడు నిమిషాలు పట్టింది. ఎర్రదీపం ఆరగానే మేనేజరు లోపలికి వచ్చాడు. ఆమె చొక్కాకేసి చూడకుండా, మేకుకున్న రెండు కోట్లకేసి చూస్తూ, పెట్టె తీయమన్నాడు. అతిథుల్లో ఒకాయన గుమ్మం దాకా వచ్చి, మెడ చాచి ఆ చీటీలేమిటని అడిగాడు. మేనేజరు చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆమె అరచేతులు చొక్కాకు తుడుచుకుంది. రెండోఆయన రెండు చీటీలూ విప్పి, బల్ల మీద పక్కపక్కన పెట్టి, పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసి, అడుగున రాశాడు.

0.02 మిల్లీగ్రాములు.