కాక చెయ్యి, పేరిన నూనె

ఈ సాయంత్రం పాపకు ఒళ్ళు రుద్దుదామని కొబ్బరినూనె సీసా తీస్తే అది తెల్లగా పేరుకుని ఉంది. ఈ చలికి ప్రతి ఇంట్లోనూ జరిగేదే. సీసాను పొయ్యి పక్కన పెట్టి, కరిగేదాకా పిల్లను ఒళ్ళో ఊపుతూ కూర్చున్నాను గానీ, ఈమధ్య నాకు ఏ పని ముందూ కుదురుగా కూర్చోవడం చేతకావడం లేదు. తూకానికి తీసుకుపోతే పాప ఒక వారం పెరిగినట్టు, మరో వారం తగ్గినట్టు చూపిస్తోంది. నా పాలు చాలడం లేదేమో, నేను ఎత్తుకునే తీరులోనే ఏదో లోపముందేమో అని మనసు పీకుతూనే ఉంటుంది. నిద్రపోతే ఊపిరి చూస్తాను, మేలుకుంటే కళ్ళు చూస్తాను. డిగ్రీ చదివినదానివి, ఇంత పరేషాన్ ఎందుకని మా ఆయన అంటారు. అందరూ పడుకున్నారు కనుక ఇలా కాగితం ముందు కూర్చున్నాను. ఆ నూనె అంచుల నుంచి కరగడం చూసినప్పటి నుంచీ మా కాక గుర్తుకొస్తున్నాడు.

కాక అంటే బాపు తమ్ముడు. ఇదే నారాయణఖేడ్‌లో బడిలో డ్రిల్లు మాస్టరు. నా ఈడు వాళ్ళకు జాతరల్లో బుగ్గలు పేల్చే గాలి తుపాకులు గుర్తుండే ఉంటాయి. అటువంటిదే, కాకపోతే పోటీల కోసం చేసిన చేతి తుపాకి ఒకటి కాక దగ్గర ఉండేది. హైదరాబాదులో ఆట మానేసిన ఎవరి దగ్గరో కొని, బస్సులో పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. అందులో మందు ఉండదు. గొట్టాన్ని వంచితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది, మీట నొక్కితే సైకిలు పంపులో ఉన్నట్టే ఒక తోలు వాషరు గాలిని తోస్తుంది, ఆ గాలి ఛర్రాను తోస్తుంది. ఛర్రా అంటే నడుము సన్నగా ఉండే చిన్న సీసపు గుండు. పెరటి గోడకు వలయాలు గీసిన అట్ట అంటించి, పొద్దున బడికి పోయేముందూ, సాయంత్రం తిరిగి వచ్చాకా కాక ఒంటిచేత్తో తుపాకి చాచి నిలబడితే, ఆ కాసేపు మా కోళ్ళు కూడా చప్పుడు చేయవని మేము నమ్మేవాళ్ళం.

సంగారెడ్డిలో జరిగే పోటీలో నెగ్గితే రాష్ట్రం జట్టులోకి తీసుకుంటారన్న ఏడు, సరిగ్గా చలికాలం మొదలవగానే, ఆ గురి చెడిపోయింది. పొద్దున కొట్టినవి నీరసపడ్డట్టు నడి వలయానికి బాగా కిందికి దిగేవి. సాయంత్రం అదే చెయ్యి, అదే తుపాకి, ఉన్నట్టుండి ఒకటి పెద్ద చప్పుడుతో పైకి ఎగిరేది, దాని వెంట మిర్చీ బజ్జీలు వేసే మూకుడు వాసన వచ్చేది. మేము ఆ వాసనకు నవ్వేవాళ్ళం. కాక నవ్వేవాడు కాదు.

ఎందుకంటే మా తాతకు చివరి ఏళ్ళలో చెయ్యి వణికేది. చాయ్ గిలాస ఎత్తితే సగం ధోతి మీద ఒలికేది, అదీ పొద్దుటిపూట మరీ ఎక్కువ. కాక ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు గానీ, ఆ చలికాలంలోనే చాయ్ రెండు చేతులతో పట్టుకుని తాగడం మొదలుపెట్టాడు. ఒక్కడే ఉన్నప్పుడు కుడిచెయ్యి చాచి, వేళ్ళ కొసల వంక చూస్తూ ఉండేవాడు. మనూర్ నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది, పిల్లను చూసి వద్దామని నాయనమ్మ రోజూ పోరేది. ఒకనాడు అన్నం ముందు కూర్చుని అనేశాడు.

“గిలాస పట్టరాని చెయ్యికి పిల్లనెవరిస్తరే అవ్వా?”

“అన్నం కలుపంగ వణకని చెయ్యి, పిల్లను చూడపోదామంటెనే వణుకుతదారా?” అంది నాయనమ్మ. అన్నదే గానీ, ఆ సాయంత్రం ఎండు మిరపకాయలతో కాకకు దిష్టి తీసి, తుపాకికి కూడా తీసింది.

కాక ముందు ఛర్రాలను అనుమానించాడు. డబ్బా మొత్తం అవుసలాయన దగ్గరికి పట్టుకుపోయి, బంగారం తూచే చిన్న త్రాసులో ఒక్కొక్కటే తూపించి, బరువు కలిసినవి వేరు చేసి, అంచులు నొక్కుకుపోయినవి పారేశాడు. పక్కింటి ఖాలా, ఇంట్లో ఉర్దూ మాట్లాడినా మాతో మాకంటే గట్టి తెలుగు మాట్లాడే మనిషి, గోడ మీదుగా అంది, “ఏంది మాస్టరూ, అవుసలోళ్ళింటికి పోతె పెండ్లి ఉంగురానికనుకున్న. సీసం తూపియ్యనీకా?” అని. తూచిన ఛర్రాలు కూడా తూచనివాటిలాగే కిందికీ మీదికీ పోయాయి.

పోటీ దగ్గర పడుతున్నకొద్దీ ఇంట్లో ఎవరికీ నెమ్మది లేకుండా పోయింది. కాక బువ్వ ముట్టీ ముట్టనట్టు లేచేవాడు. ఒక సెలవునాడు మా అమ్మ బట్టలకని దాచిన పసుపుపచ్చ బారు సబ్బులు తీసుకుని, పెరటి గోడ గూట్లో నిలబెట్టాడు. రెండు జొన్నల బస్తాల మధ్య తుపాకిని కదలకుండా బిగించి, చెయ్యి దాని బరువు మోయకుండా, మీట మాత్రం వేలితో తాకి నొక్కాడు. పొద్దుటి చలిలో కొన్నీ, ఎండ పొడ పడ్డాక కొన్నీ పేల్చి, అంతా అయ్యాక నన్ను పిలిచి, చీపురుపుల్ల ఇచ్చి ఒక్కో బొక్కలో గుచ్చి చూడమన్నాడు. ఒకదాంట్లో పుల్ల గుచ్చే పనే లేదు, ఛర్రా తోక బయటికే కనబడుతోంది. దాని పక్కదాంట్లో పుల్ల దిగుతూనే ఉంది, సబ్బు అవతలి ముఖం కొంచెం ఉబ్బి కూడా ఉంది. కాక నా చేతిలోంచి పుల్ల తీసుకుని తానే మళ్ళీ గుచ్చి చూశాడు. చెయ్యి మోయకపోయినా తుపాకి ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా కొడుతోందన్నమాట. తర్వాత కుడిచెయ్యి చాచి, దాన్ని ఎవరో తిరిగి తెచ్చి ఇచ్చినట్టు చాలాసేపు చూసుకున్నాడు.

“నా చెయ్యి కాదే పిల్లా,” అన్నాడు. “నా చెయ్యి కాదు.”

వెంటనే తుపాకిని విప్పి బట్ట మీద పరిచాడు. స్ప్రింగు నిండా, తోలు వాషరు చుట్టూ, వెన్న పూసినట్టు తెల్లగా ఉండి, అంచుల్లో కరుగుతోంది. అప్పుడే వచ్చిన నాయనమ్మ వంగి చూసి, తన వంట బాగుందో లేదో అడిగినంత మామూలుగా అడిగింది.

“నూనె నేనే పోసిన బిడ్డా. తోలు ఎండి దగ్గుతున్నదని, పోరగాండ్లకు తలకు పెట్టినప్పుడల్లా దానికింత పోస్తున్న. తక్కువైందా?”

తాత సైకిలు పంపు వాషరుకు ఆమె జీవితమంతా కొబ్బరినూనే పెట్టింది. పంపుకు సరిపోయింది గానీ, తుపాకిలో పొద్దుటి చలికి అది పేరుకుని స్ప్రింగును పట్టి ఉంచేది, ఎండ పొడకు కరిగి గాలి నొక్కుడుకు అంటుకుని మండి ఛర్రాను ఎగదోసేది. మూకుడు వాసన అదే. కాక జొన్నల బస్తా మీద కూలబడి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆమెతో మాత్రం, “దాని కడుపు నిండిందవ్వా, ఇగ సాలు,” అన్నాడు. అంతా కిరసనాయిలుతో తుడిచి ఆరబెట్టి, ఖాలా కుట్టుమిషను నూనె ఒక్క చుక్క అరువడిగి వేశాడు. ఆ తర్వాత పొద్దుటివీ సాయంత్రానివీ ఒక్కచోటే పడ్డాయి.

సంగారెడ్డిలో ఆయనకంటే మంచి గురిగాళ్ళు ఉన్నారు. జట్టులోకి తీసుకోలేదు. బస్సు దిగి వచ్చి, నిండుగా పోసిన చాయ్ గిలాసను ఒక్క చేత్తో అంచు పట్టి ఎత్తి, చుక్క ఒలకకుండా తాగి, మనూర్‌కు ఎప్పుడు పోదామని తానే అడిగాడు. మా చిన్నమ్మ అలా వచ్చింది.

ఇప్పుడు నాయనమ్మ లేదు. ఖాలా వాళ్ళు బీదర్ వెళ్ళిపోయారు. కాక బదిలీ మీద చాలా దూరం పోయాడు. తుపాకి తోలును పురుగులు తినేశాయని విన్నాను. పాపను తూకంలో పడుకోబెడితే కాళ్ళు తన్నుకుంటుంది, ముల్లు ఊగుతుంది, అది ఎక్కడ ఆగితే అక్కడి అంకె కాగితం మీదికి ఎక్కుతుంది, నేను దాన్ని ఇంటికి తెచ్చుకుని మళ్ళీ మళ్ళీ చదువుతాను. ఈ సాయంత్రం నూనె కరిగాక అరచేతిలో పోసుకుని, పాపను ముట్టేముందు ఆ చేతినే చూసుకుంటూ ఉండిపోయాను. పాప నవ్వుతూనే ఉంది. జొన్నల బస్తాల మధ్య ఏదీ బిగించకుండానే, నా ముఖం చూసి, నీ చెయ్యి కాదే పిల్లా అని చెప్పే మనిషి మాత్రం ఇప్పుడు ఈ ఇంట్లో లేరు.