నీలం కింద ఎర్రమన్ను

శ్రీశైలం డ్యాం కొత్తగా నిండిన రోజులవి. పగిడ్యాల పక్క ఆ నీళ్లు చూసి, అందంగా ఉన్నాయనే బొమ్మ వేశాను. అట్ట మీద జిగురు కలిపిన ఎర్రమన్ను మెత్తి, పైన నీలిరంగు దట్టంగా పట్టించాను. పడవ లేదు, గట్టు లేదు, గరుకైన నీలం అంతే. నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కేటప్పటికి రంగింకా ఆరలేదు. అందుకే ఒళ్లో తెరిచే పెట్టుకున్నాను.

పక్కసీట్లో మెడలో చిన్న సిలువతో ఒక ముసలామె కూర్చుంది.

“ఏందప్పా ఇది?”

“డ్యాం నీళ్లమ్మా, పగిడ్యాల పక్కవి.”

ఆమె ఇంకేమీ అడగకుండా నీలాన్ని గోటితో గీకింది. వద్దనబోయాను. కింద ఎర్రమన్ను కనబడగానే ఆమె చెయ్యే ఆగిపోయింది.

“మన్ను అట్లే ఉండాదే! మా ఊరు ఆ నీళ్లల్లోనే పాయ. మా ఆయన గోరీ గూడా ఆడ్నే ఉండాది.”

అట్టను ఆమె వైపు జరిపాను. “ఇంకొంచెం గీక్కోమ్మా, ఏం కాదులే” అన్నాను.

“వద్దులే నాయనా. చూసి ఏం చేస్తా?”

లేచిన రంగును బొటనవేలితో అదిమి, ఆ మన్నును మళ్లీ కప్పేసింది.

బొమ్మ ఇప్పటికీ మా గోడకే ఉంది. ఆమె వేలిముద్ర నీలంలో అలాగే ఆరిపోయింది. చూసినవాళ్లు అక్కడ సుడి భలే వేశావంటారు. ఊరుకుంటాను. ఎవరైనా గోటితో తాకబోతే మాత్రం చెయ్యి పట్టుకుంటాను.