బిళ్ళ లేని పిల్ల

మా మనవరాలికి పుట్టినప్పటి నుంచీ ఎడమ కాలూ ఎడమ చెయ్యీ స్వాధీనంలో లేవు. మాట కూడా నిదానం. నేల మీద గది దాటితే ఆయాసపడే పిల్ల, నీళ్ళలో తేలిగ్గా కదులుతుందని డాక్టరు చెప్పినాడు. అందుకే బడిలో శనివారాలు ఈతకు తీసుకుపోతారని తెలిసినప్పుడు మా ఇంట్లో పండగ అయింది. రాబర్ట్‌సన్‌పేటలో మాకు తాగే నీళ్ళకే ట్యాంకరు రావాలి. ఈత అనేది మా ఊహకు కూడా రాని సంగతి.

ఈత మాస్టరు మా ఊరి బంగారు గని కార్మికుడి కొడుకు. గని నడిచే రోజుల్లో లోపలికి దిగే ప్రతివాడూ ఇత్తడి బిళ్ళ ఒకటి తీసుకొని దిగేవాడు, పైకి వచ్చినాక బోర్డుకు తగిలించేవాడు. బిళ్ళ రాకుంటే మనిషి లోపలే ఉన్నాడని లెక్క, వెతకడానికి దిగేవాళ్ళు. గనిలోకి దిగిన మా ఆయన ఇంటికి వచ్చేదాకా నాకు అన్నం లోపలికి పోయేది కాదు. మాస్టరు అదే పద్ధతి స్విమ్మింగ్ పూల్ దగ్గర పెట్టినాడు. పిల్లలకు నెంబర్లు వేసిన రేకు బిళ్ళలు. మంచి పద్ధతే.

మా పిల్లలాంటి వాళ్ళకు మాత్రం ఇవ్వలేదు. వాళ్ళు నడుం లోతులో కమ్మీ పట్టుకొని నిలబడేవాళ్ళే గదా అన్నాడు. మా పిల్ల ప్రతి శనివారం బిళ్ళ అడిగేది. "నీకెందుకమ్మా, నువ్వు స్పెషల్," అని నవ్వేవాడు. పెద్ద వయసులో అక్షరాలు నేర్చుకున్నదాన్ని, నీకెందుకు అనే మాట నాకు కొత్త కాదు.

తడి బట్టలు మార్చడానికి నేనే పోయేదాన్ని. దాని ఎడమ చెయ్యి ముట్టుకోవడం బడి ఆయాకు అసహ్యం. ఒక శనివారం బస్సు దొరక్క ఆలస్యమైంది. నేను చేరేసరికి బడి వ్యాను కదులుతోంది. కిటికీల్లో మా పిల్ల లేదు. మాస్టర్ని ఆపి అడిగినాను.

"అందరూ ఎక్కినారమ్మా. బిళ్ళలన్నీ బోర్డు మీదే ఉండాయి."

లోపలికి పరుగెత్తినాను. పిల్ల కమ్మీ వదిలేసింది. ఎవరూ లేని తొట్టిలో వెల్లకిలా తేలుతూ, మంచి చేత్తో నీళ్ళు తోసుకుంటూ అవతలి గట్టుకు పోతోంది. నాకు ఈత రాదు. అరవబోయినాను.

"అరవొద్దవ్వా. ఆడిదాకా పోయి వస్తా," అనింది.

పోయింది. గట్టు ముట్టింది. నా వెనకే వచ్చిన మాస్టరు బట్టలతోనే దూకి, మునిగిపోయేదాన్ని కాపాడినట్టు ఎత్తుకొచ్చినాడు. అది దింపమని ఏడ్చింది.

సోమవారం హెడ్‌మిస్ట్రెస్ పిలిపించింది. కాఫీ ఇప్పించింది. తప్పు జరిగిందని కూడా ఒప్పుకుంది. ఇంగ మీదట అట్లా జరగకుండా బిళ్ళల్లేని పిల్లలకు ఈత నిలిపేసినామనింది. ఇంకో నాలుగు బిళ్ళలు కొట్టిస్తే పోయేది గదా అన్నాను. రిస్కు వద్దమ్మా, మీ మంచికే అనింది. పిల్ల తొట్టికి అడ్డంగా ఈదిందని చెప్పినాను. పక్కనే నిలబడిన మాస్టరు, నీళ్ళే తోసుకుపోయి ఉంటాయన్నాడు.

"తొట్టిలో నీళ్ళు యాడికి తోస్తాయప్పా?" అన్నాను.



ఇప్పుడు శనివారం వ్యాను పోయినాక, మిగిలిన పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టి బొమ్మలకు రంగులు వేయిస్తారు. మా పిల్ల వేయడం లేదంట. బల్ల మీద వెల్లకిలా పడుకుంటుందంట. మొండితనం ఎక్కువైంది, వచ్చి బుద్ధి చెప్పిపొమ్మని మళ్ళీ పిలిచినారు.